బస్టాపు ఎత్తుకొచ్చిన అధ్యక్షుడు

అరవయ్యో దశకం చివర్లో నేను కడప వైపు నుంచి వచ్చి హైదరాబాదులో ఎమ్మే చదువుతున్నాను. ఆ ఏడాది విద్యార్థి సంఘం ఎన్నికల్లో మా హాస్టలు తరఫున అధ్యక్ష పదవికి ఎవరిని నిలబెట్టాలన్నది పెద్ద తగువైపోయింది. మాలో ఇద్దరు పెద్దలుండేవారు. ఒకాయన రెండేళ్లు మెస్ కార్యదర్శిగా చేశాడు. రెండో ఆయన పీయూసీ నుంచే ఎన్నికల్లో నలిగినవాడు. ఇద్దరూ నాలుగు రోజులు తమ తమ రాజకీయ అనుభవం గురించి వాదించుకుని, చివరికి అవతలివాడు నిలబడితే తానే దగ్గరుండి ఓడిస్తానని ఎవరికి వారు ఒట్టు పెట్టుకున్నారు.

నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మేమంతా నా గదిలో తలలు పట్టుకుని కూర్చుని ఉంటే, పక్క గదిలో ఉండే మిత్రుడు ఇస్త్రీపెట్టె తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. నల్గొండ వైపు వాడు, భూగర్భశాస్త్రం విద్యార్థి. క్లాసులో హాజరు పలకడం తప్ప పదిమందిలో నోరు విప్పి ఎరగడు. అతని మీద ఎవరికీ కోపం లేదు, ఎందుకంటే అతనెవరో ఎవరికీ తెలియదు.

"ఎన్నికల్లో నిలబడతావా అప్పా?" అన్నాను.

"ఏం జెయ్యాలె?"

"సంతకం పెడితే చాలు."

ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టి సంతకం చేశాడు. సాయంత్రానికి అతని పేరు గోడలకెక్కింది.

అవతలి అభ్యర్థి గుంటూరు నుంచి వచ్చిన లా విద్యార్థి. రెండేళ్లుగా సంఘం కార్యదర్శి. మడత చెదరని తెల్లచొక్కా, చంకలో లావుపాటి ఫైలు. ఆ ఫైలు నిండా ఆయన రాసిన వినతిపత్రాల నకళ్లే. హాస్టలు గేటు ముందు బస్సు ఆపాలని రాసినవే అందులో ఒక కట్ట. బస్సులు మా గేటు ముందు నుంచే పోయేవి గానీ ఆగేవి కావు. మేము తార్నాక చౌరస్తాలో దిగి ఎండలో వెనక్కి నడిచి రావాలి.

లైబ్రరీ మెట్ల దగ్గర సభ పెట్టారు. లా విద్యార్థి గంటసేపు మాట్లాడాడు. దేశాన్ని ఏలేవాడికైనా, సంఘాన్ని నడిపేవాడికైనా అనుభవమే ముఖ్యమన్నాడు. తర్వాత మావాడి వైపు తిరిగి, "తమరి అనుభవం ఏమిటో సెలవివ్వండి తమ్ముడూ" అన్నాడు.

మావాడు లేచి నిలబడ్డాడు. "నాకేం అనుభవం లేదన్నా. రెండేండ్ల నుంచి నీకున్నది గదా. ఏం నేర్సుకున్నవ్?"

"ఏది సాధ్యమో, ఏది కాదో నేర్చుకున్నానయ్యా."

"అయితే బస్టాపు?"

"ప్రస్తుతానికి సాధ్యం కాదు."

"నేను తెస్తా," అని మావాడు కూర్చున్నాడు.

మేము నుదురు కొట్టుకున్నాం. అతను ఆ మాట మాతో ముందుగా అనలేదు. కానీ చప్పట్లు ఆగలేదు. స్వల్ప తేడాతో గెలిచాడు. నన్ను కార్యదర్శిని చేశారు.

నేను పద్ధతి ప్రకారం వినతిపత్రం రాశాను. ఇద్దరం బస్సుల ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా, కొత్త స్టాపుకు మంజూరు కావాలనీ, మంజూరుకు సర్వే కావాలనీ, సర్వే ఎప్పుడవుతుందో సర్వే వాళ్లను అడగాలనీ చెప్పాడు. తిరిగి వచ్చేటప్పుడు మావాడు డ్రైవరు వెనక నిలబడి అడిగాడు.

"అన్నా, నువ్వు బస్సు యాడ ఆపుతవ్?"

"ఖంబం ఉన్న కాడ," అన్నాడు డ్రైవరు, ముందున్న స్టాపు స్తంభం చూపించి.

"ఖంబం యాడుంటే గాడనేనా?"

"మరి ఏంది? ఖంబం లేని కాడ ఆపితే మెమో ఇస్తరు."

మావాడు కిటికీలోంచి తల బయటపెట్టి, దారిలో ఉన్న స్తంభాలన్నీ చూసుకుంటూ వచ్చాడు. ఆ ఆదివారం పొద్దున్నే గునపం పట్టుకుని నా తలుపు తట్టాడు. భూగర్భశాస్త్రం వాడు కదా, తవ్వడం అతనికి తెలుసు. ఐదుగురం తోపుడుబండి ఒకటి అడిగి తీసుకుని తార్నాక వెళ్లాం. ఇనప స్తంభం, దాని మీద బోర్డు, బోర్డు మీద "తార్నాక". సగం తవ్వేసరికి పోలీసాయన వచ్చాడు. నేను తోపుడుబండి చాటుకు జరిగాను.

"ఏం జేస్తున్నరు?" అన్నాడు.

"బస్టాపు మారుస్తున్నం సార్," అన్నాడు మావాడు, దాచకుండా.

పోలీసాయన తలూపి, అటు వైపు వచ్చే లారీని ఆపి, మా బండికి దారి ఇప్పించాడు.

స్తంభాన్ని మా గేటు ముందు పాతి, చుట్టూ రాళ్లు దట్టించాం. సోమవారం పొద్దున మొదటి బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు స్తంభాన్ని చూశాడు, మమ్మల్ని చూడలేదు. కండక్టరు "తార్నాకా, తార్నాకా!" అని అరిచాడు. హాస్టలంతా ఈలలు వేసింది.

బుధవారానికి కథ అడ్డం తిరిగింది. చౌరస్తాలో బస్సులు ఆగకపోయేసరికి తార్నాక జనమంతా స్తంభాన్ని వెతుక్కుంటూ మా గేటుకు రావడం మొదలుపెట్టారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పనివాళ్లు, ఆఫీసుల వాళ్లు, కూరల గంపలతో ఆడవాళ్లు. వాళ్లంతా మాకంటే ముందే లేచి వచ్చి వరసలో నిలబడేవారు. బస్సు మా గేటు ముందే ఆగేది, మాకు మాత్రం ఎక్కడానికి చోటుండేది కాదు.

ఆ వరసలో అంబర్‌పేట్‌లో టీచరుగా పనిచేసే ఒక పెద్దావిడ ఉండేది. కాకినాడ వైపు మాట. మోకాళ్లు పట్టుకుని అరుగు మీద కూలబడి, మావాడిని పిలిచింది.

"ఏం బాబూ, మా బస్టాపును ఇక్కడికెవరు తెచ్చారో ఏమైనా తెలుసా?"

"నేనే తెచ్చిన అమ్మా."

"ఎందుకూ?"

"ఓట్లప్పుడు తెస్తనని చెప్పిన."

ఆవిడ గొడుగు మడిచి అతన్ని ఎగాదిగా చూసింది. "ఎన్నికల్లో చెప్పింది చేసేశావా?"

"చేసిన."

"అలా చెయ్యక్కర్లేదని నీకెవరూ చెప్పలేదా నాయనా?" అంది, ఎంతో జాలిగా.

మావాడి ముఖం మాడిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. "తార్నాకోళ్ల గురించి సోంచాయించనే లేదన్నా, ఆళ్ల కష్టం యాదికే రాలె," అని పదిసార్లు అన్నాడు. గునపం తీసుకుని బయల్దేరితే హాస్టలు వాళ్లు స్తంభం చుట్టూ చేరి అడ్డుకున్నారు. దానికే కదా ఓటేశామన్నారు. అప్పుడతను తిన్నగా లా విద్యార్థి గదికి పోయాడు. నేను వెనకే వెళ్లాను.

"అన్నా, నాకు సమజైతలేదు. నువ్వే చెప్పాలె."

ఓడిపోయాక ఆ గదికి ఎవరూ వెళ్లినట్టు లేదు. ఆయన మాకు కుర్చీలు తుడిచి వేశాడు. జరిగిందంతా విని, నవ్వకుండా, ఫైలులోంచి తెల్లకాగితం తీశాడు.

"కొత్త స్టాపు అడగకండి. తార్నాక చౌరస్తాలో స్తంభం కనిపించడం లేదని ఫిర్యాదు రాద్దాం."

"మనమే తీసినం గదా?"

"కనిపించడం లేదనేది నిజమేగా?"

ముగ్గురం బస్సుల ఆఫీసుకు వెళ్లాం. అదే గుమాస్తా కాగితం చదివి ఉలిక్కిపడ్డాడు. "ఖంబం పోయిందా? ఎప్పుడో చెప్పొద్దా! కొత్త స్టాపైతే మంజూరు కావాలె గని, పోయిన ఖంబమైతే స్టోర్ల ఉన్నది, ఇయ్యాల్నే పాతిస్తం."

సాయంత్రానికి చౌరస్తాలో కొత్త స్తంభం నిలిచింది. టీచరమ్మకు తన స్టాపు దక్కింది. రెండు స్తంభాల మీదా "తార్నాక" అనే ఉంది కాబట్టి, డ్రైవర్లు రెండు చోట్లా ఆపారు. కొత్తగా ఊరికి వచ్చినవాళ్లు మా గేటు ముందు దిగి, చౌరస్తా ఎటుపోయిందని మమ్మల్ని అడిగేవారు.

ఆ తర్వాత మావాడు లా విద్యార్థిని రోజూ సంఘం గదికి పిలవసాగాడు. కొన్నాళ్లకు ఆయన అధ్యక్షుడి కుర్చీలోనే కూర్చుని ఉత్తరాలు రాసేవాడు. మావాడు బయట తిరుగుతూ ఏది ఎక్కడుందో, ఎవరికేం కావాలో చూసి వచ్చి చెప్పేవాడు. ఏ పని మొదలుపెట్టినా ముందు తార్నాక వాళ్లను అడిగొచ్చేవాడు, అది మెస్‌లో పెరుగు సంగతైనా సరే. ఆ ఏడాది మా సంఘానికి అధ్యక్షుడెవరని అడిగితే నేను కొంచెం ఆలోచించి చెప్పాల్సి వచ్చేది.

ఏడాది చివర గ్రూపు ఫోటోకు తార్నాక స్టూడియో ఆయన వచ్చి, మధ్య కుర్చీ చూపించి, "అధ్యక్షులవారు కూర్చోవాలె" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు. "నువ్వు కూసో అన్నా." "లేదు తమ్ముడూ, గెలిచింది నువ్వు." ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కిందనుంచి రెండుసార్లు తల బయటపెట్టి విసుక్కుని, మూడోసారి నొక్కేశాడు.

ఆ ఫోటో నా దగ్గర ఉంది. మధ్య కుర్చీ ఖాళీ. దానికి రెండు పక్కలా వంగి చేతులూపుతున్న ఇద్దరు మనుషుల ముఖాలు చెదిరిపోయి ఉన్నాయి.