మూడో దుకాణం

మొన్న బుధవారం పొద్దున మా యారాలు కన్నుమూసింది. నేను వంటింట్లో ఉండగా మా బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క లేదమ్మా. చాయ అడిగింది. నేను తెచ్చేలోపలే పోయింది" అన్నారు. ఆ చాయ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదని కూడా అన్నారు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

యారాలంటే తోడికోడలు. మా అత్తగారింటికి ఆమె పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. నోరారా అక్కా అని పిలిచేదాన్ని, నోరు నొప్పి పుట్టేదాకా కొట్లాడేదాన్ని కూడా. తొంభైల్లో పటాన్‌చెరు చుట్టుపక్కల కేబుల్ టీవీ చూసినవాళ్ళు మీలో ఉంటే ఆమె మీకూ తెలుసు. సాయంత్రం పూట నూలుచీర కట్టుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని ఊరి సంగతులు చదివిన వార్తలక్క ఆమే.

మాది పప్పులు, జొన్నల దుకాణం. ఎనభైల్లో ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నప్పుడు బీహార్, ఒరిస్సాల నుంచి వచ్చిన కార్మికులు ఆదివారం పూట ఏం తోచక మా దుకాణం అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఇంట్లో అందరం చూశాం. అక్క ఒక్కతే ఆలోచించింది. పప్పు బస్తాలు జరిపి, ఆ మూలన హిందీ సినిమా క్యాసెట్లు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్నేళ్ళకు మా మేడ మీద డిష్ లేచింది. "గింత పెద్ద జల్లెడేందే? ఏం పిండి జల్లిస్తవ్?" అని బావగారు నవ్వారు. "ఆకాశాన్నే జల్లిస్త, సూస్తుండు" అంది అక్క. చూస్తుండగానే మా మేడ మీంచి బయల్దేరిన తీగ ఇంద్రేశం ఊరి దాకా పాకింది.

సినిమాల మధ్య ఊరి వార్తలు వేయాలన్న ఆలోచన కూడా ఆమెదే. చదవడానికి కుదుర్చుకున్న పంతులుగారు మొదటిరోజే జ్వరమని కబురు పెడితే, తనే కూర్చుంది. రేపు ఏ వీధిలో కరెంటు పోతుందో, టమాట ధర ఎంతో, ఎవరి బర్రె తప్పిపోయిందో చెప్పింది. బొంతపల్లి వీరభద్రుని జాతరలో తప్పిపోయిన పాపను తెరమీద చూపిస్తే, వార్తలు ముగిసేలోపలే తల్లి ఏడుస్తూ మా మెట్లెక్కింది. ఆ తర్వాత ఇక పంతులుగారి అవసరం రాలేదు. చదవడం అయిపోగానే అక్క ఒకే మాట అనేది: "విన్నది చెప్పిన, చూసింది చూపిన. తప్పుంటే ఇంటికొచ్చి తిట్టుండ్రి." నిజంగానే వచ్చి తిట్టేవాళ్ళు. వాళ్ళకు చాయ పెట్టే పని నాది.

అట్లా వచ్చినవాళ్ళలో వాగు పక్క ఊరి రైతు ఇల్లాలు ఒకామె. తిట్టడానికి కాదు, అడగడానికి వచ్చింది. "అక్కా, మా బాయి నీళ్ళు బర్రెలు గూడ ముడ్తలెవ్వు. తప్పిపోయిన బర్రెల గురించి సదువుతవు గద, నీళ్ళు లేక దూపకు సచ్చే బర్రెల గురించి సదువవా?" అంది.

అక్క ఆ రోజు చదవలేదు. చూడనిది చెప్పదు. మర్నాడు కెమెరా వెంటబెట్టుకుని ఆ ఊరికి వెళ్ళింది. బావి చూసింది, ఫ్యాక్టరీల మురుగు కలిసిన వాగు చూసింది, పసుపుబారిన వరిమడి చూసింది. ఆ సాయంత్రం ఎవరినీ పేరుపెట్టి అనకుండా, చూసింది చూపించింది. తర్వాత వారం ఇంకో బావి, ఆ తర్వాత ఇంకో ఊరు. అందరూ మెచ్చుకున్నారని అనుకోకండి. ఒకరోజు కూరగాయల బజారులో ఒక పెద్దామె ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నా కొడుకు కంపెనీల చేస్తడు. కంపెనీ మూపిస్తవా ఏంది?" అని నిలదీసింది. "మూసుడెందుకమ్మా? అన్నం తిన్నోడు చెయ్యి కడుక్కోవాలె గద. గంతే అంటున్న" అంది అక్క. పెద్దామె చెయ్యి వదిలేసింది.

ఈ నీళ్ళ గోడు పట్టుకుని రెండు పెద్ద పార్టీల నాయకుల దగ్గరికీ ఆమె వెళ్ళింది. ఇద్దరూ కుర్చీ వేశారు, ఇద్దరూ చూద్దామన్నారు, ఇద్దరూ తమ పార్టీలోకి రమ్మన్నారు. అప్పుడే కొత్తగా ఒక చిన్న పార్టీ పుట్టింది. రిటైరైన అధికారులు, ఉపాధ్యాయులు కొందరు పెట్టుకున్నది. వాళ్ళు మా ఇంటికొచ్చి, అసెంబ్లీకి నిలబడమని అక్కను అడిగారు.

ఆ రోజు అన్నాల దగ్గర బావగారు పళ్ళెం ముట్టలేదు. "మనం బేరం జేసుకునెటోళ్ళం. అందరు మన దుకాణానికి రావాలె. ఒక జెండ పట్టుకున్నవంటే సగం మంది మెట్లెక్కరు. కష్టపడి తీగ గుంజినవ్, దాన్ని గూడ ఉండనియ్యరు."

అక్క నెమ్మదిగా అంది: "రెండే దుకాణాలున్న బజార్ల తూకం ఎట్లుంటదో నీకు ఎరుకనే గద. మూడోది తెరిస్తే, అది నడిచినా నడవకున్నా, ఆ రెండూ తూకం సక్కగ ఏస్తయి."

మా అత్తమ్మ మజ్జిగ పోస్తూ, "మీ మామ ఈ బజార్ల దుకాణం పెట్టినప్పుడు గూడ మాది మూడోదే బిడ్డా" అంది. అదే ఆ ఇంటి తీర్పయింది.

నామినేషన్‌కు ముందు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టి వచ్చాం. తిరుగు దారిలో ఆటోలో అక్క నా వైపు తిరిగింది.

"రేపటి సంది వార్తలు నువ్వే చదువు."

"నేనా? నాకు నోరు తిరుగదక్కా."

"ఇన్నేండ్ల సంది నాతోని కయ్యం పెట్టుకునేటప్పుడు తిరిగింది గద!"

అభ్యర్థిగా ఉన్నన్నాళ్ళు తను తెరమీద కూర్చోకూడదని ఆమె పెట్టుకున్న నియమం. బరిలో ఉన్న అందరికీ సమానంగా సమయం ఇవ్వాలి. తనకు గోరంత కూడా ఎక్కువ వద్దు. పార్టీవాళ్ళకు కోపమొచ్చింది. "సొంత ఛానల్ పెట్టుకుని ఇదేం పద్ధతి మేడమ్?" అన్నారు. "వడ్డించే గంటె నా చేతులున్నదని నా విస్తరినే నింపుకుంటే, పంక్తిల కూసున్నోళ్ళు నన్నేమంటరు?" అంది. నేను చదివిన మొదటి వార్త, ఆమె ప్రత్యర్థి బహిరంగ సభ గురించి. చదివి కిందికి దిగేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది. "మంచిగ చదివినవ్. ఆయన పేరు కాడ మూతి ముడిచినవ్. రేపు ముడవకు" అంది.

ప్రచారానికి నేనూ వెళ్ళేదాన్ని. ఒకనాడు షిఫ్టు మారే వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగి, తన వచ్చీరాని హిందీలో మాట్లాడటం మొదలుపెట్టింది. వెంట వచ్చిన కార్యకర్త చెవిలో గొణిగాడు. "మేడమ్, వీళ్ళకు ఈడ ఓట్లు లేవు. టైం ఖరాబు."

"ఓటు లేకుంటే దూప గాదా?" అంది అక్క, అతని వైపు తిరగకుండానే. టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆగినవాళ్ళు ఆమె చెప్పిందంతా విన్నారు.

పోలింగు దగ్గర పడుతుండగా ఎవరో మా తీగలు తెంపేశారు. సగం కాలనీల్లో టీవీలు ఆగిపోయాయి. ఇది ఫలానా వాళ్ళ పనేనని వార్తల్లో చెప్పమన్నారు అందరూ. నాకూ చెప్పాలనే ఉంది. అక్క ఒప్పుకోలేదు. "తెంపంగ నువ్వు సూసినవా? సూడంది చెప్పొద్దు. తీగ తెగింది, అతుకుతున్నం అని చెప్పు." అంతే చెప్పాను.

ఓడిపోయింది. మూడో స్థానం. సంగారెడ్డిలో లెక్కింపు ముగిశాక బావగారు స్కూటర్ మీద తీసుకొచ్చారు. దారిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు కానీ, మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చారు. వార్తల వేళయింది. నేను కుర్చీలో కూర్చోబోతుంటే ఆమె మేడెక్కి వచ్చింది.

"నేనే చదువుత అక్కా. నువ్వు జెర పండుకో."

"నా ఓటమి నువ్వు చదివితే సుట్టరికం అడ్డమొస్తది. జరుగు."

లవంగం బుగ్గన పెట్టుకుంది. గెలిచినాయన పేరు చదివి అభినందనలు చెప్పింది. రెండో స్థానంలో ఉన్నాయన పేరు చదివింది. "మూడో స్థానంలో నేను. నాకు ఓటేసినోళ్ళకు, ఎయ్యనోళ్ళకు నమస్కారం" అంది. అదే గొంతుతో, రేపు పొద్దున ఏ వీధుల్లో కరెంటు ఉండదో చదివింది. కెమెరా ఆగాక కూడా కుర్చీలోంచి లేవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా భుజం మీద తల ఆనించింది. మా ఇద్దరి కాపురాల్లో అట్లా ఆనించడం అదే మొదలు. కాసేపటికి, "బజ్జీలు సల్లారుతయి, పా" అంది.

గెలుపుకూ రెండో స్థానానికీ మధ్య ఉన్న తేడా కంటే అక్కకు పడిన ఓట్లే ఎక్కువ. ఆ సంగతి పెద్ద పార్టీలవాళ్ళకు మాకంటే ముందే అర్థమైంది. రెండో స్థానంలో నిలిచినాయన ఒకరోజు దుకాణానికి వచ్చి, బస్తా మీద కూర్చుని నవ్వుతూ నిష్ఠూరమాడాడు. "అవి మా ఓట్లు చెల్లె. నువ్వు పట్కపోయినవ్."

"మీవే అయితే మీ కాడనే ఉంటుండె గద అన్నా. ఆ ఊళ్ళకు నీళ్ళు తెప్పియ్యి, అవే నీ కాడికొస్తయి."

తర్వాతి ఎన్నికల నాటికి రెండు పార్టీల ప్రచార కాగితాల్లోనూ మొదటి మాట నీళ్ళే అయింది. ముందు ట్యాంకర్లు వచ్చాయి. చాలా ఆలస్యంగా, చాలా తగాదాల తర్వాత పైపులు వచ్చాయి. అంతా బాగైందని చెప్పను. వాగు ఇంకా వాగులా లేదు. కానీ ఆ ఊరి ఆడవాళ్ళు బిందెలతో మైళ్ళు నడవడం మాత్రం ఆగిపోయింది.

ఆమె పార్టీ ఎక్కువ కాలం నిలవలేదు. పెట్టినవాళ్ళే తలో దారి పట్టారు. మా వాకిట్లో జెండా అక్కే దించి, ఉతికి, మడిచి లోపల పెట్టింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. అయితే ఆ వాగు పక్క రైతు ఇల్లాలు పంచాయతీ ఎన్నికల్లో ఏ పెద్దమనిషినీ అడగకుండా సర్పంచ్‌గా నిలబడింది, గెలిచింది. పూలదండతో తిన్నగా మా ఇంటికి వచ్చి, "అక్కా, నువ్వు నిలబడంగ సూసి నిలబడ్డ" అంది. అక్క ఆ దండను తిరిగి ఆమె మెడలోనే వేసి, "గెలిచినోళ్ళ వార్త ఇంటికొచ్చి చెప్పుడుండదు. పైకి పా, కెమెరా ముంగట చెప్పు" అని మేడెక్కించింది.

తర్వాత పెద్ద కంపెనీలొచ్చి కేబుల్ వ్యాపారాన్ని కలిపేసుకున్నాయి. అక్క తీగలు అప్పగించి, దుకాణంలో బావగారి పక్కన కూర్చుంది. మోకాళ్ళు మొరాయించాయి, చూపు తగ్గింది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఇద్దరం కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి నడిచి వస్తున్నాం. సందు మలుపులో ఒక అమ్మాయి ఒంటరిగా గోడకు పోస్టరు అంటిస్తోంది. మున్సిపాలిటీ ఎన్నికలట. పోస్టరు మీదున్న ముఖం కూడా ఆ అమ్మాయిదే. గాలికి కాగితం లేస్తోంది. ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల ఊడుతోంది.

"ఏ పార్టీ బిడ్డా?" అడిగింది అక్క.

"కొత్తది అవ్వా. మీకు ఎరుకుండదు."

"మీదికెల్లి గట్టిగ ఒత్తుకుంట రా. నేను కింద పట్టుకుంట."

నేను వద్దంటున్నా వినకుండా చేతికర్ర నాకిచ్చి, గోడ దగ్గరికి వెళ్ళింది. రెండు అరచేతులూ పోస్టరు అడుగున ఆనించి నిలబడింది. ఆ అమ్మాయి పైనుంచి ఒత్తుకుంటూ వస్తోంది. మైదా జిగురు కారి అక్క గాజుల మీద పడుతోంది. ఎండ సూటిగా ముఖం మీద కొడుతోంది. కాగితం తడి ఆరి గోడకు పట్టుకునేదాకా ఆమె చేతులు తీయలేదు.