సర్టిఫికెట్టు ఆగిన ఏడాది

ఎనభైల మధ్యలో, బి.ఎ. ప్యాసై రెండేళ్లుగా గురజాలలో ఇంటిపట్టునే ఉన్న నేను, నరసరావుపేటలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే శిక్షణలో చేరాను. దెబ్బలు తిన్నవాళ్లకూ దౌర్జన్యానికి గురైనవాళ్లకూ తోడుగా ఆసుపత్రికి, స్టేషనుకు, కోర్టుకు వెళ్లే ఆడవాళ్లను తయారుచేసే శిక్షణ అది. పన్నెండు ఆదివారాలు పాఠాలు, ఆ తర్వాత మూడు నెలలు నిజమైన కేసుల్లో పని, ఆఖరున పరీక్ష. నెగ్గినవాళ్లకు సర్టిఫికెట్టు, ఫోటో అంటించిన కార్డు.

"స్టేషన్ల చుట్టూ తిరిగే చదువేందే? ఎవరన్నా చేసుకుంటారా నిన్ను?" అంది మా అమ్మ. మా నాన్న పేపరు మీది నుంచి తల ఎత్తకుండానే "పోనీయ్" అన్నాడు. ఆ ఒక్క మాట మీద వెళ్లాను.

ఆ కార్డు విలువ ఇప్పటివాళ్లకు చెబితే తెలియదు. అప్పట్లో స్టేషను గుమ్మం తొక్కగానే రైటరు "ఆమెకు నువ్వేమవుతావు?" అనేవాడు. చుట్టం కాకపోతే బయటే. మాకు ముందు ఈ పని చేసినవాళ్లు పిన్నినని, ఆడబిడ్డనని అబద్ధమాడి లోపలికి వెళ్లేవాళ్లట.

మాకు పాఠాలు చెప్పినావిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. అందరం సిస్టరమ్మ అనేవాళ్లం. ఒక పత్తి మిల్లు వెనక మిద్దె మీది గదిలో క్లాసులు. కిటికీలు తెరిస్తే దూది నూగు ఎగిరొచ్చి జడల మీద, సైక్లోస్టైలు కాగితాల మీద వాలేది. మూస్తే ఉక్క. తెరిచే కూర్చునేవాళ్లం. సాయంత్రానికి అందరి తలలూ నెరిసినట్టుండేవి. సిస్టరమ్మ గొడుగు చంకన పెట్టుకుని ఎస్.ఐ. వేషం కట్టి "ఏందమ్మా, నువ్వేం చేస్తే కొట్టాడు?" అని గద్దిస్తే, బాధితురాలి వేషంలో ఉన్న మాలో ఎవరో ఒకరం నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేవాళ్లం. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. "అక్కడ ఎవరూ నవ్వించరు. మళ్లీ చెయ్యండి" అనేది.

గురజాల నుంచి నాతోబాటు ఇంకొకావిడ వచ్చేది. మోటారు మెకానిక్ భార్య, నాకంటే పదేళ్లు పెద్ద. వాళ్లలో అక్కను పిలిచినట్టు ఆపా అని పిలిచేదాన్ని. వాళ్ల ఆయన షెడ్డులో ఒకసారి జరిగిన కొట్లాటలో తన తమ్ముడికి కన్ను పోతే, స్టేషనులో ఏం మాట్లాడాలో తెలియక ఇంటిల్లిపాదీ మూడు రోజులు బయట అరుగు మీదే కూర్చున్నారట. "అట్టా ఇంకెవరూ కూర్చోకూడదని వచ్చినా" అని మొదటిరోజే చెప్పింది. మధ్యాహ్నం ఆమె క్యారియరూ నాదీ కలిపేసేవాళ్లం. ఆమె చేసిన ఖట్టా, ఆ పుల్లటి పులుసు రుచి ఈనాటికీ నాలుక మీద ఉంది.

పాఠాలయ్యాక నాకు అప్పగించిన మొదటి కేసు కారంపూడి దగ్గర ఒక పల్లెటూరి మనిషిది. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త పోయాడు. ఆయన వాటా రెండెకరాల్లో మిరప వేసుకుని బతుకుతోంది. ఆ చేను తనకు రాసివ్వమని మరిది పార కామతో కొడితే ముంజేయి విరిగింది. ఆమె పక్కన కూర్చుని కట్టు కట్టించాను. కేసు కాగితం ఆమెకు చదివి వినిపించాను. మరిది మనుషులు రాజీకి రమ్మని ఇంటి మీదికి వస్తుంటే, సిస్టరమ్మ చెప్పిన ప్రకారం ఆమెను పెదకూరపాడు దగ్గర చెల్లెలింటికి చేర్చాను. "నువ్వు లేకపోతే నోరు పెగిలేది కాదమ్మాయ్" అంది ఆమె. ఆ మాటకు ఎంత పొంగిపోయానో! రాతపరీక్షలో నాకే మొదటి మార్కు. ప్రపంచమంతా నా చేతుల్లో ఉన్నట్టుండేది.

ఆ పొంగులోనే తప్పు చేశాను. ఆ మార్కులు తెలిసిన ఆదివారం సాయంత్రం గురజాల బస్సులో ఆపాకు ఆ కథంతా చెప్పుకొచ్చాను. ఇంజను మోతకు వినపడదేమోనని గొంతు పెంచి, కారంపూడి, మిరపచేను, విరిగిన చేయి, పెదకూరపాడులో చెల్లెలిల్లు, అన్నీ చెప్పాను. పేరు మాత్రం చెప్పలేదు. అంతమాత్రానికే జాగ్రత్తపడ్డాననుకున్నాను. ఆపా నా మోకాలు రెండుసార్లు నొక్కింది. బాగా చెబుతున్నానని మెచ్చుకుంటోందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత పెదకూరపాడు వెళ్తే, ఆమె చెల్లెలింటి ముందు మూట కట్టుకుని కూర్చుని ఉంది.

"నిన్న మా మరిదీ ఇంకో ఇద్దరూ వచ్చారు. పొద్దుననంగా వచ్చి పొద్దుగూకేదాకా ఈ గుమ్మంలోనే కూర్చున్నారు. కొట్టలా, తిట్టలా. రాజీకొస్తావా రావా అని అదే మాట. మా చెల్లెలి మొగుడు భయపడి నన్ను పొమ్మన్నాడు."

"ఇక్కడున్నావని వాళ్లకెట్టా తెలిసిందక్కా?"

"ఎవరో చదువుకున్న పిల్ల బస్సులో చెప్పుకుంటా పోయిందంట. మా ఊరోడు వెనక సీట్లో ఉండి విన్నాడంట."

ఆమె ముఖంలో నా మీద అనుమానం ఇసుమంతైనా లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ పిల్లను నేనేనని చెప్పకుండానే, ఆ మూట మోసుకుని ఆమెను ఇంకో ఊళ్లో ఆమె మేనత్త ఇంట్లో దించి వచ్చాను.

మర్నాడు ఆపా దగ్గరకు వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. ఆమె పిండి కలుపుతున్న చేతులు ఆపి విన్నది. "మోకాలు నొక్కి చెప్పినా, నీకు అర్థం కాలా. తప్పు నాది కూడా. నోరు తెరిచి ఆపాల్సింది" అంది.

"ఆదివారం సర్టిఫికెట్లు ఇస్తారు ఆపా."

"నేనెవరికీ చెప్పను. నువ్వు చెప్తావో లేదో నీ ఇష్టం."

ఆ రెండు రోజులూ ఎవరికీ తెలియదు గదా అని ఒకసారి, ఎలాగైనా ఇంకో ఊరు చేర్చాను గదా అని ఒకసారి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి, బల్ల మీద సర్టిఫికెట్లు పేర్చుకుంటున్న సిస్టరమ్మకు చెప్పేశాను.

ఆవిడ కోప్పడితే బాగుండేది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. పేర్చిన దొంతరలోంచి నా కాగితం వెతికి పక్కకు తీసింది.

"ఆమెకు చెప్పావా?"

"లేదమ్మా."

"నాకెందుకు చెప్తున్నావు మరి? పో, ముందు ఆమెకు చెప్పు. ఇది వచ్చే బ్యాచి దాకా నా దగ్గరే ఉంటుంది. మళ్లీ పన్నెండు ఆదివారాలూ రావాల."

ఆ రోజు తొమ్మిదిమంది సర్టిఫికెట్లు తీసుకున్నారు. వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాను. ఆపా పేరు పిలిచినప్పుడు నిజంగానే గట్టిగా కొట్టాను.

మర్నాడు ఆపాను తోడు తీసుకుని ఆమె మేనత్త ఊరు వెళ్లాను. చెప్పడానికి నాలుగు మాటలే పట్టాయి.

"నువ్వా?" అంది. మళ్లీ "నువ్వా అమ్మాయ్?" అంది.

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "వద్దు. మా చెల్లెలి గడప నేనిక తొక్కలేను. నీకు తెలుసా ఆ సంగతి? వాయిదాకు ఆ సాయిబులామెను రమ్మను. నువ్వు రామాక."

నేను వెళ్లలేదు. వాయిదాలకు ఆపాయే వెళ్లింది. నేను మళ్లీ ఆదివారం బస్సెక్కాను. కొత్త బ్యాచి వచ్చేసరికి గది ఊడ్చి, దూది ఏరి, కాగితాలు పంచేదాన్ని. రహస్యం గురించి పాఠం చెప్పే రోజు సిస్టరమ్మ కుర్చీలో కూర్చుని, "నువ్వు చెప్పు" అంది. చెప్పాను. ఆ బస్సు ప్రయాణంతోనే మొదలుపెట్టాను. కొత్త పిల్లలెవరూ నవ్వలేదు, నోట్సు కూడా రాసుకోలేదు. ఊరికే విన్నారు.

సర్టిఫికెట్టు ఏడాది ఆలస్యంగా వచ్చింది. ఆ మధ్యలోనే ఆమె కేసు తేలింది. మరిదికి శిక్ష పడింది. చేను ఆమెకే నిలిచింది. చెల్లెలితో మాటలు కలవడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టిందని ఆపా చెప్పింది.

ఆ తర్వాత రెండేళ్లకు కారంపూడిలో విత్తనాల కొట్టు దగ్గర ఆమె కనబడింది. నేనే ముందు తలొంచుకున్నాను.

"బాగుండావా?" అంది.

"బాగున్నానక్కా. చెయ్యి ఎట్టా ఉంది?"

"మబ్బు పట్టినప్పుడు లాగుద్ది. ఇంకా ఆ పనే చేస్తన్నావా?"

"చేస్తన్నానక్కా."

ఆమె సంచిలోంచి రెండు గింజలు తీసి అరచేతిలో వేసుకుని, వెలుతురుకు పట్టి చూసింది. "పోయినేడు కాయ చానా బాగా వచ్చింది. ఈ గింజ కూడా అట్టాంటిదేనంటన్నాడు. నమ్మొచ్చంటావా?" అని అడిగింది. నాకు గింజల సంగతి ఏమీ తెలియదు. అదే చెప్పాను. ఆమె నవ్వి, కొట్టువాడితో బేరానికి దిగింది. ఆ బేరం తెగేదాకా నేను ఆమె పక్కనే నిలబడ్డాను.