ముప్పై ఆరు అలకలు

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడక్క అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలుసు, కానీ అతనూ ఎదురుపడితే జల్లెడక్కా అనే పిలుస్తాడు. ఆమె ఉద్యోగం చెత్త ఏరడం. మూడో అంతస్తులో, కిటికీ పక్కన, కంప్యూటర్ ముందు కూర్చుని ఏరుతుంది.

ఊరికి చాలా దూరంగా, గాలి పలచగా ఉండే ఎత్తైన మైదానంలో నలభై పెద్ద యాంటెన్నాలున్నాయి. వెల్లకిలా పడేసిన గొడుగుల్లా ఉంటాయి కాబట్టి ఆఫీసులో వాటిని గొడుగులనే అంటారు. అన్నీ ఒకేసారి ఒక నక్షత్రం వైపు తిరిగి, అక్కడి నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టుకుంటాయి. ఆ తర్వాత జంటలు జంటలుగా పోలుస్తారు, ఈ గొడుగు విన్నదీ ఆ గొడుగు విన్నదీ ఎంతవరకు కలిశాయా అని. దగ్గరగా ఉన్న జంటలు బొమ్మలోని పెద్ద ఆకారాలను చెబుతాయి, దూరంగా ఉన్నవి సన్నటి గీతలను చెబుతాయి. అన్నిటి మాటా కలిపితే బొమ్మ వస్తుంది. మధ్యలో వాన పడుతుంది, విమానం పోతుంది, ఏదో ఒక గొడుగులో తీగ వదులవుతుంది. అలా పాడైన కొలతలను ఏరి పారేయడం జల్లెడక్క వంతు. ఇరవై నాలుగేళ్లలో ఆమె ఏరిన కొలతల్లో రాయి తగిలిందన్నవాళ్లు లేరు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకోదు. ఎదుటివాళ్లు చెబుతుంటే మాత్రం అడ్డం రాదు.

ఆమెకో అలవాటుంది. ఏది పారేసినా, ఎందుకు పారేసిందో నోటుపుస్తకంలో ఒక్క ముక్క రాసుకుంటుంది. గాలి. వాన. విమానం. ఒక జంట ఎంతకీ పలక్కుండా, కొలత సున్నా దగ్గరే చతికిలబడితే, ‘అలక’ అని రాస్తుంది. దానికి కంప్యూటర్‌లో ఇంకేదో పొడుగాటి పేరుంది గానీ, అది ఆమె నోటికి రుచించలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం భోజనాల గదిలో డాక్టరమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈమె మందులిచ్చే డాక్టరు కాదు, నక్షత్రాల మీద పట్టా పుచ్చుకున్న డాక్టరు. మూడేళ్లుగా ఒకే నక్షత్రాన్ని పట్టుకుని వేలాడుతోంది. దాని వయసు పది లక్షల ఏళ్లే, నక్షత్రాల్లో పసిగుడ్డు కింద లెక్క. చుట్టూ ధూళీ వాయువూ కలిసి పళ్లెంలా తిరుగుతుంటాయి. అలాంటి పళ్లేల్లోనే ధూళి ముద్ద కట్టి రాయి అవుతుంది, రాయి పెరిగి పెరిగి గ్రహం అవుతుంది. కాస్త ఒళ్లు చేసిన గ్రహం తన దారిలోని ధూళిని ఊడ్చుకుపోతే, పళ్లెం మీద నల్లటి వలయం మిగులుతుంది. డాక్టరమ్మ ఆశంతా ఆ వలయం మీదే. వచ్చిన బొమ్మేమో కడిగి తుడిచిన పళ్లెంలా నున్నగా ఉంది. మళ్లీ చూడ్డానికి గొడుగుల సమయం కావాలంటే శుక్రవారం సాయంత్రంలోగా అర్జీ పెట్టాలి. ఏమీ లేని పళ్లేన్ని ఇంకోసారి చూస్తానంటే ఎవరిస్తారు?

“మూడేళ్లు వెంటపడ్డాను అక్కా. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. ఇంక వదిలేస్తాను” అంది డాక్టరమ్మ. నవ్వుతూనే అంది, కానీ గిన్నెలో చెంచా తిప్పడమే గాని నోట్లో పెట్టుకోలేదు.

జల్లెడక్కకు మనసు ఉసూరుమంది. సీటుకొచ్చాక ఊరికే, ఏ అనుమానమూ లేకుండా, ఆ నక్షత్రం తాలూకు పేజీ తీసింది. పేజీ నిండా అలకలే. లెక్కపెడితే ముప్పై ఆరు.

ఒక్కరోజులో అన్ని అలకలుండటం వింత కాదు. ఒక గొడుగు చెడితే దాని జంటలన్నీ మూగబోతాయి. వాళ్ల అత్తగారు అలిగితే కొడుకుతో, కోడలితో, పక్కింటావిడతో, ఆఖరికి ఫోన్ చేసిన చెల్లెలితో కూడా మాటలు మానేస్తుంది, అలాగన్నమాట. ఇక్కడ మాత్రం మూడో గొడుగు పదకొండో దానితో పలకదు, ఇరవయ్యో దానితో పలుకుతుంది. ఆ పదకొండోది ఇరవయ్యో దానితో కబుర్లాడుతుంది, ముప్పై మూడో దాన్ని చూసి మూతి ముడుచుకుంటుంది. ఎవరిది అలకో తేలడం లేదు. జంటల పక్కన వాటి మధ్య దూరాలు రాస్తూ పోయింది. నాలుగు వందల మీటర్లు. నాలుగు వందల పది. మూడు వందల తొంభై. రెండు తప్ప అన్నీ అంతే.

వేరు వేరు గొడుగులు కూడబలుక్కుని ఒకే దూరంలో చెడవు. ఆ మౌనం నక్షత్రం దగ్గర నుంచి వచ్చింది. పళ్లెంలో వలయముంటే ఏదో ఒక దూరంలో కొలత సున్నాకి పడిపోతుంది. ఇన్నేళ్లుగా శాస్త్రవేత్తల వాదనలు వింటూ, వాళ్లిచ్చిన పుస్తకాలు చదువుతూ ఆమె నేర్చుకున్నదే ఇది. ఆ కబురునే చెత్త అనుకుని పారబోసింది. ఆ కొలతలు ఏరిన రోజు అత్తగారికి కంటి ఆపరేషన్. రెండింటికల్లా ఆసుపత్రిలో ఉండాలని చెయ్యి పరుగులు పెట్టింది.

సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ భర్తకు చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు, గొడవ లేని దారి చూపించడం ఆయనకు అలవాటు. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషివి, ఆ నోటుపుస్తకం ఎవరు తెరుస్తారు, ఆ నక్షత్రం ఎక్కడికీ పోదు కదా అన్నాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్న అత్తగారు తల ఇటు తిప్పింది.

“తప్పు నీదేనా?”

“నాదే అత్తయ్యా.”

“ఎవరైనా చూశారా?”

“ఇంకా లేదు.”

“అయితే నువ్వే చెప్పెయ్. వాళ్లు పట్టుకుని చెబితే ఏడాది పొడుగునా నీ ఏడుపు మొహం నేను చూడాలి. ఈ కళ్లు బాగుచేయించుకుంది అందుక్కాదు.”

ఆ రోజు ఎందుకు తొందరపడిందో మాత్రం జల్లెడక్క చెప్పలేదు. ఉల్లిపాయలు ఇంకా సన్నగా తరిగింది.

గురువారం పొద్దున్నే నోటుపుస్తకం డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

“మీ పళ్లెం నున్నగా లేదేమో డాక్టరమ్మా. నేనే నున్నగా చేసేశానేమో.”

డాక్టరమ్మ ముందు హాస్యమనుకుంది. తర్వాత దూరాల వరస మీద వేలు పెట్టి కిందిదాకా జరిపింది.

“ఇది ఎప్పుడు చూశారు?”

“నిన్న మధ్యాహ్నం.”

“నిన్నే చెప్పొచ్చుగా.”

“నిన్న భయమేసింది.”

డాక్టరమ్మ నోటుపుస్తకం తన వైపు లాక్కుంది. “మూడేళ్లు అక్కా” అంది. ఇక ఏమంటుందో అని జల్లెడక్క నిలబడే ఉంది. డాక్టరమ్మ పక్క కుర్చీ లాగి, “కూర్చోండి. ఒక్కొక్కటీ తిరిగి పెట్టండి” అంది.

ముప్పై ఆరింటిలో దూరం కలవని ఆ రెండూ నిజంగానే పాడైన కొలతలు. మిగతా ముప్పై నాలుగూ తిరిగి వచ్చాయి. బొమ్మ తయారయ్యేసరికి నాలుగయింది. పళ్లెం అంచుకు కొంచెం లోపలగా, సూదిలో ఎక్కించే దారమంత సన్నగా, నల్లటి వలయం. డాక్టరమ్మ అరవలేదు. తెర మీద ఊపిరి తగిలేంత దగ్గరగా వంగి చూసింది.

“గ్రహమేనా?” అంది జల్లెడక్క.

“కావచ్చు. గ్రహం లేకపోయినా ఒక్కోసారి ఇలాంటి వలయం పడుతుంది. అందుకే మళ్లీ చూడాలి.”

అర్జీలో, మొదటి బొమ్మ ఎందుకు మారిందో చెప్పాలి. డాక్టరమ్మ ‘కొలతలు ఏరడంలో జరిగిన పొరపాటు’ అని రాసింది. ఎవరు ఏరారో కూడా రాయమంది జల్లెడక్క, లేకపోతే గొడుగులది తప్పనుకుంటారని. డాక్టరమ్మ వద్దంది. ఈమె కుర్చీలోంచి లేవలేదు. చివరికి పేరు రాశాకే, శుక్రవారం పదకొండు గంటలకు అర్జీ వెళ్లింది. ఎనిమిది గంటల సమయం అడిగితే ఐదు గంటలిచ్చారు. తన పొరపాటు పై అధికారుల దాకా పాకినా ఆకాశం ఊడి మీద పడలేదు. జీతాల గుమాస్తా మాత్రం మెట్ల మీద కనిపించినప్పుడల్లా నాలుగు వందల మీటర్ల దూరంలో నిలబడి మాట్లాడాలా అని అడుగుతున్నాడు.

ఆమెకిప్పుడు వేరే పని పడింది. బీరువాలో పాతవి ఇరవై మూడు నోటుపుస్తకాలున్నాయి, వాటిలో ఎన్ని అలకలున్నాయో లెక్క లేదు. రోజూ భోజనమయ్యాక అరగంట వాటి పక్కన దూరాలు రాస్తోంది. మూడో వారంలో ఒకటి తగిలింది. పదకొండేళ్ల కిందటి నక్షత్రం, పంతొమ్మిది అలకలు, అన్నీ ఇంచుమించు ఒకే దూరం. దాన్ని చూసిన శాస్త్రవేత్త అప్పుడే విసిగిపోయి, ఇంకో ఊళ్లో వాతావరణ శాఖలో చేరాడట. నంబరు సంపాదించడానికి రెండు రోజులు పట్టింది. ఫోన్ మోగుతున్నంతసేపూ ఆమె గొంతు సవరించుకుంటూనే ఉంది. అవతల ఎవరో ఎత్తారు.

“అయ్యా, మీకు నేను గుర్తుండకపోవచ్చు. మీ నక్షత్రం ఒకటి నా దగ్గర ఉండిపోయింది.”