రాయితో తట్టి దిగినవాడు

ఆ రోజుల్లో మనిషికి ఈత వచ్చని ఎవరూ కాగితం అడిగేవారు కాదు. బావిలో పడ్డ మోటారుకు తాడు కట్టి పైకి తేలితే చాలు, నమ్మేవారు. లింగాల ఘనపూర్ చుట్టుపక్కల ఆ పనికి నన్నే పిలిచేవారు. ఊపిరి బిగబట్టడం, రాతి సందులో చెయ్యి పెట్టే ముందు రాయితో మూడుసార్లు తట్టడం (పాముంటే తప్పుకుంటుందని) అన్నీ నాకు నేనే నేర్చుకున్నవి. అలాంటి నన్ను, విశాఖలో కొలువు చేసే మా బామ్మర్ది సముద్రం అడుగు చూపిస్తానని తీసుకుపోతే, అక్కడ డైవింగ్ నేర్పేవాడు "ఈతొచ్చాండీ?" అని అడిగాడు! ఆ మాట ఇప్పటికీ మండిస్తుంది.

"నేను బాయిల మునిగితే ఒడ్డు మీద మా అవ్వ ఏడ్పు షురూ జేస్తది. ఆమె అలిసి ఆపినంకనే లేస్త" అన్నాను.

"అదే వద్దండి బాబూ! కింద ఊపిరి బిగబట్టి పైకొచ్చారంటే ఊపిరితిత్తులు పగిలిపోతాయి. పీలుస్తానే ఉండాలి."

"జర ఇను బావా" అన్నాడు బామ్మర్ది.

వీపున గాలి సిలిండరు, నోట్లో రబ్బరు గొట్టంతో దిగాం. బండల నిండా చేపలు, పీతలు. పూలనుకున్నవి దగ్గరికి పోగానే ముడుచుకున్నాయి. చూసే ధైర్యం ఎక్కడిది? బావికి గోడ ఉంటుంది, దీనికి ఏ వైపూ లేదు. పట్టుకోవడానికి ఒక బండ సందు కనిపించింది. అలవాటు కొద్దీ రాయి తీసుకుని మూడుసార్లు తట్టాను. తొడంత లావున, ఒళ్లంతా మచ్చలతో, పాములాంటి చేప ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ నా ముఖం దాకా వచ్చింది. ఊపిరి దానంతటదే బిగుసుకుంది, కాళ్లు పైకి తన్నేశాయి. ఇక పగలడమే మిగిలింది అనుకున్నాను. నేర్పేవాడు నా నడుము పట్టీ పట్టి ఆపి, రొమ్ము మీద అరచేత్తో నొక్కాడు. నేను "అవ్వా" అని అరిచాను. అది బుడగలై పోయింది. ఆ అరుపే నన్ను కాపాడింది.

పడవలో అతనడిగాడు: "ఎందుకు తట్టారండీ?"

"పాముంటే పోతదని."

"తలుపు కొడితే ఎవరచ్చిండ్రో అని చూడదా బావా?" అన్నాడు బామ్మర్ది.

మొన్న మహబూబాబాద్ దవాఖానలో ఎక్స్‌రే తీస్తూ ఓ పిల్ల "తాతా, ఊపిరి గట్టిగ పట్టు" అంది. నేను ఆపకుండా పీలుస్తూనే ఉన్నాను. ఫోటో రెండుసార్లు పాడైంది. "గంత భయమేంది తాతా?" అని కసిరింది. మూడోసారి పట్టాను. ఒడ్డు మీద ఏడవడానికి మా అవ్వ లేదు. అందుకేనేమో, ఊపిరి ఎక్కువసేపు నిలవలేదు.