హొన్నమ్మ రాయించిన సున్నాలు

హొన్నమ్మకు ముక్కుమీదే కోపమని అరవనాటి ధర్మపురిలో అందరూ అనేవారు. అనరూ మరి! రాళ్ళు కొట్టే తిమ్మమ్మ కూతురు ఇంటర్మీడియట్ గట్టెక్కి, బీయే పరీక్షకు కూర్చుంటానంటే ఊరికి నవ్వులాటగా ఉండేది. నవ్విన ప్రతివాణ్ణీ ఆమె నిలదీసేది. తర్వాత పంతులమ్మ అయినా ఆ గుణం పోలేదు. పోకపోవడమే మంచిదయింది.

అది రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు. వానలు మొహం చాటేశాయి. రేషను రాగుల్లో సగం మట్టి. కాలేజీకి పోయే తాహతు లేనివాళ్ళకు గోవిందరాజప్ప మాస్టారు వేరుశెనగ మండీ మిద్దెమీద గణాంకశాస్త్రం చెప్పేవాడు. బొమ్మిడి నుంచీ కడత్తూరు నుంచీ కూడా వచ్చేవారు. ఇంగ్లీషు పుస్తకం పక్కన పడేసి, అరవంలోనూ తెలుగులోనూ విడమరచి చెప్పేవాడు. మంచి మాస్టారే, కాదనలేం. కాకపోతే తన పాఠమంటే తనకే మహా ముద్దు.

ఆ పొద్దున ఆయన హుషారుగా వచ్చాడు. "పుస్తకంలోని దొరల సీమ లెక్కలు మనకెందుకు? రాత్రి ఎవురెన్ని సంగటి ముద్దలు తిన్నారో ఒక్కొక్కరే లేచి చెప్పండి. దాంట్లోనే సరాసరి నేర్చుకుందాం" అన్నాడు.

ముందు బెంచీలో చిన్నప్పన్ లేచి మూడన్నాడు. సరసు రెండంది. వరస తనవైపు వస్తూంటే హొన్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. రాత్రి వాళ్ళింట్లో పొయ్యి రాజేయలేదు. తల్లీ తనూ నీళ్ళు తాగి పడుకున్నారు. ఆ మాట ఇంతమందిలో లేచి చెప్పాలా? "రెండు" అని చప్పున కూర్చుంది.

మాస్టారు అన్నీ కూడి, భాగించి, బోర్డుమీద పెద్ద రెండంకె వేశాడు. "చూస్తిరా? కరువు కరువంటారు గానీ, మనిషికి రెండు ముద్దలు దొరకతా ఉండాయి!"

అందరూ నవ్వారు. హొన్నమ్మ లేచి నిలబడింది.

"నేను అబద్ధం చెప్పినాను సార్. రాత్రి మా ఇంట్లో సంగటే లేదు."

గోవిందరాజప్ప మొహం ఎర్రబడింది. "లెక్కకు అబద్ధం చెప్పినావా? పాఠమంతా చెడగొట్టినావు. అట్లాంటోళ్ళు నా దగ్గర చదవనక్కర్లేదు. పో బయటికి!"

పోతే చదువు అంతటితో సరి. ఆమెను కూర్చోబెట్టుకునే తరగతి ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అది తెలిసీ హొన్నమ్మ గొంతు తగ్గించలేదు.

"పోతాను సార్. మీరు అడిగిన తీరు ఏం తీరు? తిననోళ్ళు లేచి నిలబడి దండోరా వేసుకోవల్లా? ఒకరిది ఒకరికి తెలీకుండా మళ్ళా అడగండి. అప్పుడు గూడా రెండే వస్తే, మీరు పొమ్మననక్కర్లేదు, నేనే పోతాను."

మాస్టారికి కోపం దిగలేదు, కానీ ఆయనకు లెక్కమీదున్న పిచ్చి కోపంకంటే పెద్దది. మంచినీళ్ళ కుండ ఖాళీ చేయించాడు. అందరికీ చింతగింజలూ గులకరాళ్ళూ పంచాడు. తిన్న ముద్దకొక గింజ, ఏమీ తిననివాళ్ళు ఒక రాయి, గుప్పిట మూసి కుండలో వేయాలి. అందరూ వేశాక కుండను బల్లమీద బోర్లించాడు.

హొన్నమ్మ తన రాయి కోసం చూసింది. ఏది తనదో పోల్చుకోలేకపోయింది. అన్ని రాళ్ళు! తరగతిలో సగంమంది పస్తున్నవాళ్ళే. చిన్నప్పన్ తలెత్తలేదు.

ఆమెకు ఊరట కలగలేదు. కోపం ఇంకా పెరిగింది. ఇంతమంది ఆకలిని ఒక్క అంకె కింద కప్పెట్టి నవ్వుకున్నారు!

గోవిందరాజప్ప బోర్డుమీది రెండంకె తుడిచేసి, "కూర్చోమ్మా" అన్నాడు మెల్లగా.

"ఈ రాళ్ళను ఏమని రాస్తారు సార్?"

"సున్నా అని."

"రాయండి. ఒక్కటి గాదు, ఎన్ని రాళ్ళుంటే అన్ని సున్నాలు రాయండి."

ఆయన రాయడం మొదలుపెట్టాడు. సున్నా పక్కన సున్నా. వరస బోర్డు చివరిదాకా పోయి కిందికి తిరిగింది. ఆఖరి సున్నా పడేదాకా హొన్నమ్మ కూర్చోలేదు.