జఖార్ చేతి కూత

బాయిలర్ వాడు జఖార్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినోళ్లు లేరు. బొగ్గు ఎగదోస్తాడు, నల్ల రొట్టె నాలుగు ముక్కలు నములుతాడు, మళ్లీ లేచి ఆవిరి ఒత్తిడి చూపే మీటరు ముల్లు మీద గోటితో కొట్టి చూస్తాడు. ఫ్యాక్టరీ కూత తాడు లాగేది కూడా ఈ బాయిలర్ వాళ్లే. ఎవరి చెయ్యి వాళ్లది. జఖార్ లాగితే కూత చివర చిన్న కుదుపుంటుంది. అది విని ఊళ్లో ఆడవాళ్లు "ఇవాళ డ్యూటీ జఖార్‌ది" అనేస్తారు. సోవియట్ సర్కారు మాంసం ధర పెంచి, ఫ్యాక్టరీ కూలి కోసిన రోజున పని ఆపండని ఆగకుండా కూత లాగింది ఆయనే. జనం చౌక్‌కి కదిలారు. సైన్యం కాల్చేసింది. అప్పట్నుంచీ జఖార్ కంటికి కునుకు లేదు.

ఆ రోజు కూతెవడిదో తేలుద్దామని మాస్కో ఆఫీసరొచ్చి, ఫ్యాక్టరీ గుమ్మం ముందు ఊళ్లో ఆడవాళ్లని నిలబెట్టి, బాయిలర్ వాళ్లందరి చేతా వరసగా తాడు లాగించాడు. కుదుపు రాకూడదని జఖార్ పళ్లు బిగించి లాగాడు గానీ, ఏళ్ల అలవాటు, మణికట్టు దానంతటదే కుదిపింది. కూత చివర ఆ కుదుపు వినబడనే వినబడింది.

"ఆ రోజు విన్నది ఇదేనా? చెప్పమ్మా."

ఆఫీసరు అడిగింది రొట్టెల కొట్టు నడిపే పెలగేయని. ఆవిడ కొడుకు ఆ చౌక్‌లోనే పోయాడు. జఖార్ తల దించేసుకున్నాడు.

"ఏ రోజు నాయనా?" అంది పెలగేయ. "ఆ రోజేం జరగలేదు, ఎవరూ చావలేదని మీ సర్కారు వాళ్లేగా ఇంటింటికీ వచ్చి చెప్పారు. ఏమీ జరగని రోజున కూత మాత్రం ఎట్టా మోగుద్ది?"