పేరు కొట్టించని క్యారియర్

వారపత్రికల్లో వచ్చే చారిత్రక నవలలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. వాటిలో రాకుమారి వద్దంటుంది, రాకుమారుడు కోటగోడలు దూకుతాడు, చివరికి ఆమె రథంలో మూర్ఛపోతుంది. పెళ్లి వద్దని నేనూ మొండికేసినదాన్నే. నా కోసం వచ్చినవాడు మాత్రం బొమ్మిడి నుంచి బస్సులో వచ్చి టిఫిన్ క్యారియర్ బేరమాడాడు.

తమిళనాడులోని ధర్మపురిలో మాది స్టీలు పాత్రల అంగడి. నాన్న పోయాక గల్లా దగ్గర మొదట అక్క కూర్చుంది, ఆమె పెళ్లయ్యాక నేను. కొన్న గిన్నెల మీద మిషనుతో పేర్లు కొట్టేదీ నేనే. బయటంతా తమిళం కాబట్టి కొనేవాళ్ల ముందు అమ్మా నేనూ గుట్టు మాటలన్నీ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం. ఎవరికి ఎంత తగ్గించాలో, ఎవరు ఉత్తచేతులతో పోయే రకమో, అన్నీ వాళ్ల మొహం మీదే.

బొమ్మిడి సంబంధం వచ్చిన రోజులవి. వాళ్లది కిరాణా అంగడి. అబ్బాయి ఫోటో అమ్మ ఫోనుకు వచ్చింది. స్టూడియోవాడు ఆ మొహానికి ఎంత తెలుపు పట్టించాడంటే, ఆ మనిషే వచ్చి ఎదురుగా నిలబడినా అమ్మ గుర్తుపట్టలేదు. నేనైతే ఫోటో చూడనేలేదు.

అతను తమిళంలో క్యారియర్ అడిగాడు. నేను మూత బిగించి చూపిస్తుంటే అమ్మ పక్కనుంచి మొదలుపెట్టింది.

"ఒకసారి చూస్తే నీ సొమ్మేం పోతుంది? వాళ్లు ఇంటికి వస్తామంటా ఉండారు."

"అక్కను చూసినావు కదమ్మా! ఈ అంగడంతా అక్కే నడిపింది. పెండ్లయినాక వాళ్ల అంగడి గడప తొక్కనిచ్చినారా? ఇక్కడికి వచ్చి గల్లాపెట్టె తడిమి చూసుకొని ఏడ్చింది. నాకా గతి వద్దు."

అతను కాసేపు బేరమాడి డబ్బిచ్చాడు. ఏం పేరు కొట్టాలని అడిగితే, తర్వాత కొట్టించుకుంటానన్నాడు.

మరుసటి వారం మూత వదులుగా ఉందని వచ్చాడు. ఆపై వారం పిడి బాగాలేదన్నాడు. పిడికి ఏ రోగమూ లేదు. "ఈ మనిషికి వేరే పనే లేదా?" అని అతని ముందే తెలుగులో విసుక్కున్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం అతను మళ్లీ క్యారియర్‌తో వచ్చి నిలబడి ఉండగానే, "ఆదివారం వస్తారు, అంతే" అని అమ్మ తేల్చేసింది. నాకు ఏడుపు ఆగలేదు. అప్పుడు అతను క్యారియర్ కింద పెట్టి, తెలుగులో అన్నాడు.

"అమ్మా, ఆ బొమ్మిడి పిల్లోడు నేనే."

అమ్మ ఫోను తీసి ఫోటో వెతుక్కుంది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నాళ్లూ నోరు మూసుకొని వింటా ఉంటిరా?"

"మొదటి దినమే చెప్పేద్దామని వచ్చినాను. అంతలో మీరు అక్క మాట ఎత్తినారు. ఆపైన ఎట్ల చెప్పేదో తెలీక, వస్తా పోతా ఉండినాను." క్యారియర్ చేతిలోకి తీసుకుని, "మీరు వద్దనొద్దు, మాట మీ మీదికి వస్తుంది. పిల్ల నచ్చలేదని నేనే ఇంట్లో చెప్పేస్తాను," అని మెట్లు దిగాడు.

అక్క పెళ్లప్పుడు అక్కను ఎవరూ ఏమీ అడగలేదు. నా మాటలన్నీ విన్న ఒక మనిషి, నింద తన నెత్తిన వేసుకుని పోతున్నాడు. నా కోపం ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు.

"ఆగండి. నచ్చలేదని చెప్పొద్దు. పిల్ల అంగడి విడిచిపెట్టదంట, దానికి ఒప్పుకుంటేనే పోదామని చెప్పండి."

వాళ్లింట్లో పెద్ద రగడే అయింది. మామగారు కొడుకుతో మాటలు మానేశారు. ఈయన పట్టిన పట్టు విడవలేదు. కోటగోడ దూకడం అంతకంటే సులువు, మామగారిని నేనెరుగుదును. ఆయన ఊ అనేసరికి మామిడిపళ్ల కాలం పోయి సీతాఫలాలు వచ్చాయి.

పెళ్లి కుదిరాక ఆ క్యారియర్ మళ్లీ తెచ్చాడు. ఎవరి పేరు కొట్టాలని అడిగాను.

"గల్లా దగ్గర కూర్చొని తినేవాళ్లది," అన్నాడు.

ఇప్పుడు కాపురం బొమ్మిడిలో, అంగడి ధర్మపురిలో. పొద్దున బస్సు వేళకు క్యారియర్ సర్ది చేతికిచ్చేది ఆయనే. పప్పులో కారం ఎప్పుడూ ఎక్కువే. మొగుడికి థాంక్స్ చెబితే జ్వరమొచ్చిందా అనే ఇళ్లు మావి, అందుకని పైకి చెప్పలేదు. మూత తెరిచిన ప్రతిసారీ మనసులో చెప్పుకుంటాను.

అక్క వచ్చిన రోజు గల్లా దగ్గర కుర్చీ ఆమెకిచ్చి, ఆ అన్నం ఇద్దరం తింటాం. మూత మీద నా పేరును వేలితో తడిమి, "నీ మాట వినేవాడు దొరికినాడే," అంటుంది.

దొరికాడు. అక్క కంచంలో ఇంకో ముద్ద వేస్తాను.